వాన కొలత ఒక్కటే చూస్తే సరిపోదు: ఉష్ణ అర్ధశుష్క నేలల కథ

(పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ పూర్తి పాఠం)

హోస్ట్: నమస్కారం. స్కూల్లో "ఉష్ణ అర్ధశుష్క శీతోష్ణస్థితి" అని ఒక పేరా ఉండేది, గుర్తుందా? ఎడారుల పాఠానికీ గడ్డిభూముల పాఠానికీ మధ్య ఇరికించేవారు. పరీక్షలో వస్తే రెండు మార్కులకు మించి వచ్చేది కాదు. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ పేరా మీదే. కాలేజీలో నాకు జాగ్రఫీ చెప్పిన మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, నమస్తే.

మేడమ్: నమస్తే. రెండు మార్కులన్నావు చూడు, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. భూమ్మీదున్న నేలలో దాదాపు 41 శాతం పొడి ప్రాంతాలే. అందులో అన్నిటికంటే పెద్ద వాటా ఎడారులది కాదు, అర్ధశుష్క నేలలది. చలి ప్రాంతాల్లో ఉన్నవీ కలుపుకుంటే మొత్తం నేలలో 15 శాతం దాకా ఉంటాయి. దానికి రెండు మార్కులా!

హోస్ట్: సరే, మొదట్నుంచీ వద్దాం. అర్ధశుష్కం అంటే వాన తక్కువ పడే చోటు. అంతేనా?

మేడమ్: ముందు నేనొకటి అడుగుతా. లండన్‌లో ఏడాదికి ఎంత వాన పడుతుందనుకుంటున్నావ్?

హోస్ట్: అక్కడ ఎప్పుడు చూసినా గొడుగులే కదా. ఒక 1500 మిల్లీమీటర్లు ఉంటుందేమో.

మేడమ్: సుమారు 600. ఇప్పుడు నియామే సంగతి. పశ్చిమ ఆఫ్రికాలో నైజర్ దేశపు రాజధాని, సహారా ఎడారికి దక్షిణాన ఉంటుంది. అక్కడ ఏడాదికి సుమారు 540.

హోస్ట్: రెండిటికీ తేడా అంతేనా?

మేడమ్: అంతే. లండన్‌లో పార్కులు ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి. నియామే చుట్టూ ఏప్రిల్‌లో చూస్తే ఎర్రమట్టి, ముళ్లచెట్లు, దుమ్ము. జీతం ఒక్కటే చూసి ఇల్లు ఎలా గడుస్తుందో చెప్పలేం కదా, ఖర్చు కూడా చూడాలి. ఇక్కడ ఖర్చు అంటే గాలి లాక్కుపోయే తేమ. వేడి నేలల్లో ఎండ, పొడిగాలి కలిసి ఏడాదికి 2000 మిల్లీమీటర్ల నీటిని ఆవిరి చేయగలవు. అంత నీళ్లు దొరకవు కాబట్టి ఆవిరి అవదు, అది వేరే సంగతి. దొరికితే మాత్రం వదలదు. 540 వచ్చి, అడిగేవాడు 2000 అడుగుతుంటే పరిస్థితి ఏంటో నువ్వే చెప్పు.

హోస్ట్: అంటే ఫలానా మిల్లీమీటర్ల కంటే తక్కువ పడితే అర్ధశుష్కం అని ఒక అంకె చెప్పలేం.

మేడమ్: ఒకే అంకె చెప్పలేం. కానీ లెక్క మాత్రం ఉంది, నోటితో వేసుకోగలిగేంత తేలిక. వ్లాదిమిర్ కొప్పెన్ అని రష్యాలో పుట్టి జర్మనీలో పనిచేసిన శాస్త్రవేత్త. 1884లోనే ఉష్ణోగ్రతని బట్టి విడగొట్టిన మండలాల మ్యాప్ వేశాడు, తర్వాత 1918లో, 1936లో వర్గీకరణను సవరిస్తూ పోయాడు. ఆయన తర్వాత రుడాల్ఫ్ గైగర్ దాన్ని కొనసాగించాడు. ఖండాలు కదులుతాయని చెప్పిన ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఉన్నాడు చూడు, ఆయన కొప్పెన్‌కి అల్లుడే.

హోస్ట్: మామ వాతావరణం, అల్లుడు ఖండాలు. పండక్కి ఇంట్లో ఏం మాట్లాడుకునేవాళ్లో.

మేడమ్: నిజంగానే ఇద్దరూ కలిసి ప్రాచీన కాలాల శీతోష్ణస్థితుల మీద పుస్తకం రాశారు. సరే, లెక్కకొద్దాం. ఇప్పుడు ఎక్కువగా వాడే రూపం చెప్తాను. ఒక చోటి ఏడాది సగటు ఉష్ణోగ్రత తీసుకో, 20తో హెచ్చించు. వానలో 70 శాతం, ఆపైన వేసవి అర్ధభాగంలో, అంటే భూమధ్యరేఖకి ఉత్తరాన ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఉండే ఆరు నెలల్లో పడితే దానికి 280 కలుపు. ఏడాదంతా అటూ ఇటూగా పడితే 140 కలుపు. 70 శాతం, ఆపైన శీతకాలంలోనే పడితే ఏమీ కలపొద్దు. వచ్చిన అంకె ఆ చోటికి గీత. వాన ఆ గీత కంటే తక్కువుంటే పొడి ప్రాంతం. గీతలో సగం కంటే కూడా తక్కువుంటే ఎడారి. సగానికీ గీతకూ మధ్య ఉంటే అర్ధశుష్కం.

హోస్ట్: నియామే మీద వేద్దామా?

మేడమ్: వెయ్యి. సగటు దాదాపు 29 డిగ్రీలు.

హోస్ట్: 29 ఇంటూ 20, 580. వాన వేసవి భాగంలోనే కాబట్టి 280 కలిపితే 860. సగం 430. వాన 540. మధ్యలో పడింది.

మేడమ్: లండన్ సగటు సుమారు 11. దానికి 220, వాన ఏడాదంతా పడుతుంది కాబట్టి 140, మొత్తం 360. వాన 600. గీత దాటి చాలా పైన ఉంది.

హోస్ట్: ఒక అనుమానం. వేసవిలో పడే వానకి 280 ఎందుకు కలపడం? పంట కాలంలో పడితే మంచిదే కదా.

మేడమ్: మంచిదే, కానీ ఎండ మండేటప్పుడు పడిన వాన నేలలో నిలవదు. చలికాలంలో పడింది నిదానంగా లోపలికి ఇంకుతుంది. అందుకే ఒకే వానతో రెండు ఊళ్లు వేరే వేరే తరగతుల్లో పడతాయి. సగటు 19 డిగ్రీలు, వాన 450 అనుకో. ఆ వాన చలికాలంలో పడితే గీత 380, కాబట్టి పొడి ప్రాంతం కాదు, మధ్యధరా రకం కిందికి వస్తుంది. అదే 450 వేసవిలో పడితే గీత 660, అప్పుడు అర్ధశుష్కం. ఇక "ఉష్ణ" అనే మాట తగిలించాలంటే ఏడాది సగటు 18 డిగ్రీలకు తగ్గకూడదు. తగ్గితే శీతల అర్ధశుష్కం. మంగోలియా గడ్డిమైదానాలు అలాంటివి.

హోస్ట్: ఈ లెక్కతో మీకు పేచీలేం లేవా?

మేడమ్: లేకేం. గాలి వేగం ఇందులో లేదు, గాలిలో తేమ లేదు. ఉష్ణోగ్రత ఒక్కదాన్ని పట్టుకుని మిగతా అంతా ఊహిస్తుంది. 1948లో థార్న్‌త్‌వెయిట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, నేల, మొక్కలు కలిసి ఎంత నీరు ఆవిరి చేయగలవో అంచనా కట్టి దాంతో వానని పోల్చాలన్నాడు. ఐక్యరాజ్యసమితి వాడే శుష్కత సూచీ ఆ దారిదే. వానని ఆ ఆవిరి అంచనాతో భాగిస్తే 0.2 నుంచి 0.5 మధ్య వస్తే అర్ధశుష్కం. శాస్త్రంగా చూస్తే ఇదే మెరుగు. కానీ కొప్పెన్ లెక్క చేత్తో వేసుకోవచ్చు చూడు, అందుకే వందేళ్లయినా చావలేదు.

హోస్ట్: మ్యాప్ మీద ఇవి ఎక్కడ ఉంటాయి?

మేడమ్: ఎక్కువగా ఎడారికీ సవన్నాకీ, అంటే అక్కడక్కడా చెట్లుండే వేడి గడ్డిభూములకీ, మధ్య పట్టీల్లాగా. సహారాకి దక్షిణాన సెనెగల్ నుంచి సూడాన్ దాకా సాహెల్. దక్షిణ ఆఫ్రికా వైపు కలహారి ఎడారి చుట్టూ. ఉత్తర ఆస్ట్రేలియాలో ఎడారి అంచున. దక్షిణ అమెరికాలో గ్రాన్ చాకోలో కొంత భాగం, బ్రెజిల్ ఈశాన్యంలో సెర్తాఁవ్. మన దగ్గర దక్కన్ పీఠభూమి నడిమి భాగం, థార్ తూర్పు అంచు. స్పెయిన్‌లో అలికాంతే కూడా ఇందులోకే వస్తుంది.

హోస్ట్: ఎడారి పక్కనే ఎందుకుంటాయి?

మేడమ్: భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, తేమంతా అక్కడే వానగా రాలుతుంది. పైకెళ్లిన గాలి 30 డిగ్రీల అక్షాంశం దగ్గర కిందికి దిగుతుంది. దిగే గాలి ఒత్తిడికి వేడెక్కుతుంది, పొడిబారుతుంది, మబ్బు కట్టదు. అందుకే అక్కడ ఎడారులు. గాలులు ఇలా తిరుగుతాయన్న ఆలోచన జార్జ్ హాడ్లీ 1735లోనే రాశాడు. భూమధ్యరేఖ దగ్గరి ఆ వానల పట్టీ ఒక్కచోటే ఉండదు, సూర్యుడి వెంట ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతుంది. సాహెల్ దాకా అది వచ్చేది ఏడాదిలో మూడు నాలుగు నెలలు. వచ్చినప్పుడు వాన, పోగానే మళ్లీ ఎడారి గాలి. అక్కడ ఉత్తరానికి వెళ్లే కొద్దీ కిలోమీటరుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున వాన తగ్గిపోతుంది. ఏ సంవత్సరమైనా వానల పట్టీ వంద కిలోమీటర్లు తక్కువ జరిగిందనుకో...

హోస్ట్: వంద మిల్లీమీటర్లు పోయినట్టే.

మేడమ్: 400 పడే చోట వంద పోతే పావు వంతు. అదీ దాని బతుకు. దక్కన్ సంగతి వేరు, అది కొండల పని. అరేబియా సముద్రం నుంచి వచ్చే మేఘాలు పడమటి కనుమలు ఎక్కుతూ మహాబలేశ్వర్ లాంటి చోట్ల 5000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తాయి. కొండ దిగేసరికి ఏముంది మిగలడానికి? తూర్పుగా వంద కిలోమీటర్లు పోయేలోపే 500, 600కి పడిపోతుంది. వర్షచ్ఛాయ అంటాం. అంగోలాలో లువాండా అయితే సముద్రం ఒడ్డునే ఉంది, అయినా పొడి. అక్కడ చల్లని బెంగ్వేలా ప్రవాహం గాలిని పైకి లేవనివ్వదు.

హోస్ట్: ఏడాదంతా వేడేనా అక్కడ? ఉష్ణోగ్రతలు ఎలా ఉంటాయి?

మేడమ్: అన్నిటికంటే ఎక్కువ వేడి నడివేసవిలో ఉంటుందనుకుంటాం. ఇక్కడ అలా కాదు, వానలకు ముందు ఉంటుంది. నియామేలో ఏప్రిల్‌లో సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 41 డిగ్రీల పైనే. ఆగస్టుకి 32, 33కి దిగుతుంది. మబ్బులు ఎండని ఆపుతాయి, తడి నేల ఆవిరవుతూ చల్లబరుస్తుంది. వానలు పోయాక అక్టోబర్‌లో మళ్లీ కాస్త పెరుగుతుంది. అలా ఏడాదిలో రెండు శిఖరాలు. పొడి కాలంలో పగటికీ రాత్రికీ 15 డిగ్రీల తేడా మామూలే. గాలిలో తేమ లేకపోతే నేల వేడి రాత్రికి ఆకాశంలోకి వెళ్లిపోతుంది, పట్టి ఉంచేది ఏదీ ఉండదు. పగలు వడగాలి, తెల్లవారుజామున దుప్పటి.

హోస్ట్: వాన గురించి అడుగుతా. 540 అంటే ప్రతి ఏడూ 540 పడుతుందా?

మేడమ్: సగటు అనేది ఇలాంటి చోట పెద్ద మోసం. ఒక ఏడు 350, ఇంకో ఏడు 750. పడే రోజులే తక్కువ, అందులోనూ నాలుగైదు పెద్ద వానల్లో ఏడాది వాటాలో పెద్ద భాగం అయిపోతుంది. సాహెల్‌లో వానలో ఎక్కువ భాగం తూర్పు నుంచి పడమటికి గోడలా నడిచొచ్చే ఉరుముల వరసల వల్ల వస్తుంది. ముందు దుమ్ము లేస్తుంది, గంటసేపు కుండపోత, తర్వాత సన్నగా జల్లు. ఒక చేను తడుస్తుంది, అవతలి చేను తడవదు. రైతుని చంపేది మొత్తం వాన తగ్గడం ఒక్కటే కాదు. మొదటి వానకి విత్తుతాడు, మొలక వస్తుంది, ఆ తర్వాత మూడు వారాలు బెట్ట. ఏడాది చివర లెక్క చూస్తే వాన సగటుకి ఏమాత్రం తగ్గదు. చేలో మాత్రం ఏమీ ఉండదు.

హోస్ట్: అదును తప్పిందంటారు చూడండి.

మేడమ్: అదే. వాతావరణ శాఖ రికార్డులో ఆ సంవత్సరం "సాధారణ వర్షపాతం". అలాంటి పట్టికలు చూస్తే నాకు చిరాకు. నెల మొత్తం ఎంత అని కాదు, ఎన్ని రోజుల ఎడంతో పడింది అని రాయాలి.

హోస్ట్: నేల గురించి చెప్పండి. అంత వాన ఒక్కసారి పడితే నేల తాగదా?

మేడమ్: ఇది దగ్గరగా చూడాల్సిన విషయం. గడ్డి లేని నేల మీద పెద్ద చినుకు పడిందనుకో. మట్టి గడ్డ పగిలి సన్నని బంకరేణువులు చిమ్ముతాయి. అవి నీళ్లతో పాటు జారి మట్టిలోని రంధ్రాల్లో కూరుకుపోతాయి. నిమిషాల్లో కొన్ని మిల్లీమీటర్ల మందాన పైన ఒక పొర తయారవుతుంది. ఆ పొర మీద పడిన నీళ్లు లోపలికి పోవు, పక్కకి పారుతాయి. వాన ఆగి ఎండ కాస్తే పొర గట్టిపడి పెళుసుగా బీటలు వారుతుంది. కింద మొలిచిన గింజ దాన్ని పొడుచుకుని పైకి రాలేదు. ఒక్క వేలు లోతు తవ్వితే కింద మట్టి పొడిగా, దుమ్ముగా ఉంటుంది. పైన చూస్తే వరద వచ్చి పోయినట్టుంటుంది.

హోస్ట్: వరదా వచ్చింది, కరువూ ఉంది.

మేడమ్: ఇంకో వింత చెప్తా విను. 1968 నుంచి సాహెల్‌లో భయంకరమైన కరువులు. 1973 దాకా ఒకటి, 1983-85లో ఇంకొకటి. మరి భూగర్భజలం పడిపోయి ఉండాలి కదా? నైరుతి నైజర్‌లో, నియామే చుట్టుపక్కల, దశాబ్దాల తరబడి బావుల్లో నీటిమట్టం పెరిగింది.

హోస్ట్: వాన తగ్గితే నీటిమట్టం పెరిగిందా? ఎలా?

మేడమ్: పొదలు కొట్టి చేలు చేశారు. నేల బోడిగా మారింది, పైన పొర కట్టింది. వాన నీళ్లు చేలో ఇంకకుండా పారి పల్లంలో మడుగుల్లో చేరాయి. ఆ మడుగుల అడుగు ఇసుక, అక్కడినుంచి నేరుగా లోతుకి దిగిపోయాయి. పైరు వేళ్లకు అందాల్సిన నీరు వేళ్లను దాటేసి కిందికి పోయింది. చేను ఎండింది, బావి నిండింది. ఈ రెండూ ఒకేసారి జరగవని అనుకునేవాళ్లకి నేను చూపించే ఉదాహరణ ఇది.

హోస్ట్: ఆ కరువులకి కారణం అక్కడి జనమే, పశువుల్ని అతిగా మేపి ఎడారి చేసుకున్నారని చదివాను.

మేడమ్: చాలాకాలం అదే చెప్పారు. 1975లో జూల్ చార్నీ అనే పెద్ద వాతావరణ శాస్త్రవేత్త ఒక సిద్ధాంతం ఇచ్చాడు. మేపడం వల్ల గడ్డి పోతే నేల తెల్లబడుతుంది, ఎండని ఎక్కువగా వెనక్కి కొడుతుంది, పైన గాలి చల్లబడి కిందికి దిగుతుంది, వాన ఇంకా తగ్గుతుంది. చాలా తెలివైన ఆలోచన. 1977లో నైరోబీలో ఐక్యరాజ్యసమితి ఎడారీకరణ సదస్సు పెట్టినప్పుడు కూడా గాలి అటే వీస్తోంది. కానీ 2003లో జన్నీని, ఆమె సహచరులు వేరే సంగతి చూపించారు. కంప్యూటర్ మోడల్‌కి సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతలు మాత్రమే ఇచ్చారు. నేల మీద ఎవరేం మేపారో చెప్పనే లేదు. అయినా సాహెల్ వానల హెచ్చుతగ్గుల ధోరణి చాలావరకు తిరిగి వచ్చింది.

హోస్ట్: అంటే మేకల తప్పు కాదు, సముద్రాలది.

మేడమ్: ప్రధాన కారణం సముద్రాలు, ముఖ్యంగా హిందూ మహాసముద్రం, అట్లాంటిక్. నేల పాడైతే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది, అంతవరకు చార్నీ మాటలో బలం ఉంది. అట్లాంటిక్ ఉత్తర భాగం చల్లబడటానికి యూరప్, అమెరికా ఫ్యాక్టరీల పొగ కూడా కొంత కారణమని చాలామంది శాస్త్రవేత్తలు అంటారు. ఆలోచించు. కాపరి మీద వేసిన నిందలో కొంత వాటా ఫ్యాక్టరీ చిమ్నీది.

హోస్ట్: బ్రెజిల్ సెర్తాఁవ్ అన్నారు. అది కూడా ఇంతేనా?

మేడమ్: దాని వానలూ సముద్రాల చేతిలోనే. వానల పట్టీ దాని ఉత్తర భాగానికి ఫిబ్రవరి నుంచి మే మధ్య తాకుతుంది, అదీ వస్తే. ఎల్ నినో, అంటే పసిఫిక్ మహాసముద్రంలో భూమధ్యరేఖ దగ్గరి నీళ్లు మామూలు కంటే వేడెక్కడం, బలంగా ఉన్న సంవత్సరాల్లో చాలాసార్లు రాదు. 1877-79లో అక్కడ మహా కరువు, లక్షల మంది చనిపోయారని అంచనాలు. అదే ఎల్ నినో సమయంలో మన దక్షిణ భారతంలో 1876-78 కరువు, ఉత్తర చైనాలో కరువు. రెండు ఖండాల్లో, మూడు చోట్ల అర్ధశుష్క నేలలు ఒకేసారి ఎండాయి. జనం చావడంలో పాలకుల పాపం పెద్దదే, కానీ వానలు ఒకేసారి తప్పడం మాత్రం పసిఫిక్ పని.

హోస్ట్: ఇంత కష్టమైన చోట మొక్కలు ఎలా బతుకుతాయి?

మేడమ్: ఒక్కోటీ ఒక్కో ఎత్తు వేస్తుంది. సెర్తాఁవ్‌లో చెట్లు పొడి కాలంలో ఆకులన్నీ రాల్చేస్తాయి, కొమ్మలు తెల్లగా ఎండిపోయినట్టు నిలబడతాయి. ఆఫ్రికాలో బావోబాబ్ అనే లావాటి చెట్టు మానులో నీళ్లు దాచుకుంటుంది. తుమ్మ జాతులు ఆకుని సన్నని రెక్కలుగా చీల్చుకుంటాయి. నాకు ఇష్టమైంది సాహెల్‌లో ఫైదర్బియా అనే చెట్టు. అందరూ చిగురించే వానాకాలంలో అది ఆకు రాలుస్తుంది, అందరూ మోడువారిన పొడి కాలంలో పచ్చగా ఉంటుంది.

హోస్ట్: తిక్క చెట్టులా ఉందే.

మేడమ్: రైతుకి దాని తిక్కే కావాలి. కింద సజ్జ పెరిగేటప్పుడు నీడ పడదు. రాల్చిన ఆకు ఎరువవుతుంది. పొడి కాలంలో పశువులకు నీడా, మేతా అదే. సజ్జ కూడా ఆ నేలలో పుట్టిందే, సాహెల్‌లో వేల ఏళ్ల కిందట సాగులోకి వచ్చింది. జొన్న కూడా ఆఫ్రికాదే, సూడాన్ వైపు నుంచి. తర్వాత మన దక్కన్‌కి చేరాయి. ఒక అర్ధశుష్క నేల నుంచి ఇంకో అర్ధశుష్క నేలకి, అందుకే అంత తేలిగ్గా కుదురుకున్నాయి. బెట్టలో జొన్న ఆకు చుట్టేసుకుని కూర్చుంటుంది. పెరగదు, చావదు. వాన పడగానే మళ్లీ మొదలు. మొక్కజొన్నకి పూత సమయంలో బెట్ట తగిలితే కంకిలో గింజ పట్టదు. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే పరిశోధన సంస్థ పెట్టింది ఇలాంటి పంటల కోసమే, దాని పేరులోనే అర్ధశుష్క ఉష్ణమండలం అని ఉంటుంది.

హోస్ట్: ఎండకి తట్టుకునే చెట్టు అంటే నాకు సర్కారు తుమ్మ గుర్తొస్తుంది.

మేడమ్: అది అమెరికా ఖండపు పొడి నేలల చెట్టు. వంటచెరకు వస్తుంది, ఇసుక మేటలు ఆగుతాయి, పచ్చగా ఉంటుందని ఆఫ్రికాలో, ఆసియాలో నాటారు. ఇప్పుడు కెన్యాలో, ఇథియోపియాలో, మన దగ్గర మేత భూముల్ని మింగేస్తోంది. కింద గడ్డి మొలవనివ్వదు. "ఏదో ఒక పచ్చదనం చాలు" అనుకుని చేసే పనులు ఇలాగే తిరగబడతాయి. 2007లో ఆఫ్రికన్ యూనియన్ గ్రేట్ గ్రీన్ వాల్ అని సాహెల్ పొడుగునా చెట్ల గోడ నాటడం మొదలుపెట్టింది. గోడ అనే ఆలోచనే నాకు మొదట్నుంచీ నచ్చలేదు. ఎడారి ఏమన్నా దండెత్తి వస్తోందా, అడ్డంగా గోడ కట్టడానికి? తర్వాత వాళ్లే ఆ దారి మార్చి రకరకాల నేల పనులు చేయిస్తున్నారు, అది మేలు.

హోస్ట్: రకరకాల పనులంటే?

మేడమ్: ఇద్దరి పని చెప్తా. బుర్కినా ఫాసో ఉత్తరాన యకూబా సవడోగో అనే రైతు. 1980 ప్రాంతంలో, కరువు రోజుల్లో, పాతకాలపు గుంటల పద్ధతిని మెరుగు చేశాడు. వాటిని జాయ్ అంటారు. పొడి కాలంలోనే, గట్టిపడిన నేల మీద, 20 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పు, 10 నుంచి 20 లోతు గుంటలు తవ్వాలి. ప్రతి గుంటలో గుప్పెడు పశువుల ఎరువు. ఎరువు వాసనకి చెదలు వస్తాయి.

హోస్ట్: చెదలా? రైతు చెదల్ని పిలుస్తాడా?

మేడమ్: పిలుస్తాడు. అవి ఎరువు తింటూ కిందికి సొరంగాలు తొలుస్తాయి. ఇందాక చెప్పిన గట్టి పొర అక్కడ చిల్లులు పడుతుంది. మొదటి వాన నీళ్లు పారకుండా గుంటలో ఆగి ఆ సొరంగాల్లోంచి వేళ్ల లోతుకి దిగుతాయి. గింజలు గుంటలోనే వేస్తారు. చుట్టూ నేల బోడిగానే ఉంటుంది. నిజానికి అది బోడిగా ఉండటమే పనికొస్తుంది, అక్కడి నీళ్లన్నీ గుంటలోకి చేరతాయి. మూడు వారాల బెట్ట వచ్చినా ఆ మొక్క గుంటలో తేమతో నెట్టుకొస్తుంది. గుంటలు తవ్వడం మాత్రం నడుములు విరిగే పని, ఎకరాలకి ఎకరాలు చేతులతోనే. చుట్టుపక్కల జనం ఆయన్ని పిచ్చివాడన్నారు. తర్వాత వాళ్లే వచ్చి నేర్చుకున్నారు.

హోస్ట్: రెండోవారు?

మేడమ్: టోనీ రినాడో అనే ఆస్ట్రేలియన్. నైజర్‌లో మారాదీ ప్రాంతంలో మొక్కలు నాటేవాడు, దాదాపు అన్నీ చచ్చేవి. 1983లో గమనించాడు, చేలల్లో పొదల్లా కనిపించేవి పొదలు కావు, నరికిన చెట్ల మోళ్ల నుంచి వచ్చే చిగుళ్లు. కింద వేళ్లు బతికే ఉన్నాయి. నాటడం మానేసి ఆ చిగుళ్లలో రెండు మూడు మంచివి ఉంచి మిగతావి కోసి, కాపాడమన్నాడు. నైజర్‌లో ఈ పద్ధతి దాదాపు 50 లక్షల హెక్టార్లకు పాకింది. 2018లో సవడోగోకీ ఈయనకీ ఒకే ఏడు రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు వచ్చింది. సవడోగో 2023 డిసెంబర్‌లో పోయారు.

హోస్ట్: రెండిట్లోనూ ఖర్చు పెద్దగా లేదు.

మేడమ్: ఖర్చు లేదు, వాన పెంచడమూ లేదు. పడిన వాన పారిపోకుండా, ఆవిరవకుండా వేళ్ల దగ్గర ఆపడమే. చెట్టు ఉంటే గాలి వేగం తగ్గుతుంది, నేల వేడి తగ్గుతుంది, గాలి లాక్కునే నీరు తగ్గుతుంది.

హోస్ట్: ఇప్పుడు భూమి వేడెక్కుతోంది కదా. ఈ నేలలు పెరుగుతాయా?

మేడమ్: మన లెక్కలోనే చూడు. సగటు 27 డిగ్రీలు, వాన వేసవి భాగంలో, గీత 820. అక్కడ 830 పడుతుంది అనుకో, సవన్నా కిందే లెక్క. ఒక్క డిగ్రీ పెరిగితే గీత 840. వానలో ఒక్క చుక్క తగ్గలేదు, ఊరు అర్ధశుష్కంలోకి వచ్చేసింది. ఇంకోవైపు, ఒక డిగ్రీ పెరిగితే గాలి దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. కాబట్టి పడినప్పుడు గట్టిగా పడుతుంది. సాహెల్‌లో అతి తీవ్రమైన తుపాను వరసలు 1982 తర్వాత మూడింతలయ్యాయని ఉపగ్రహ చిత్రాలతో 2017లో ఒక అధ్యయనం చూపించింది. 1990ల నుంచి అక్కడ వాన కొంత కోలుకుంది కూడా. కానీ కోలుకున్నది పెద్ద వానల రూపంలో.

హోస్ట్: అంటే పొర కట్టే వానలు, పారిపోయే నీళ్లు.

మేడమ్: అదే నా భయం. అలాగని మ్యాపుల్లో ఎర్రరంగు పరుచుకుంటూ పోయేది చూపించి అంతా ఎడారి అయిపోతోందనే వాళ్లతో నేను ఏకీభవించను. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆకు తన రంధ్రాలు తక్కువ తెరిచినా సరిపోతుంది, నీటి ఖర్చు తగ్గుతుంది. మన గుణకారం లెక్కకి ఈ సంగతి తెలీదు. ఉపగ్రహాల్లో చూస్తే చాలా పొడి ప్రాంతాలు కాస్త పచ్చబడ్డాయి. ఈ రెండిట్లో ఏది ఎక్కడ నెగ్గుతుందనే దాని మీద శాస్త్రవేత్తలు ఇంకా కొట్టుకుంటున్నారు.

హోస్ట్: చివరిగా ఒక శ్రోత అడిగిన ప్రశ్న. అర్ధశుష్కం అంటే ఎడారి అవడానికి సగం దారిలో ఉన్నట్టేనా?

మేడమ్: కాదు. అది ఎక్కడికో పోతూ మధ్యలో ఆగిన నేల కాదు, వేల ఏళ్లుగా అక్కడ అదే ఉంది. దాని గడ్డి, దాని చెట్లు, దాని సజ్జలు ఆ హెచ్చుతగ్గులకే తయారయ్యాయి. మంచి ఏడు చూసి, ఇదే మామూలు అనుకుని దాని మీద ఎక్కువ నీళ్లు తాగే పంట వేసినప్పుడు తేడా వస్తుంది. సాహెల్‌లో 1950లలో వానలు బాగా పడ్డాయి, సాగు ఉత్తరానికి జరిగింది. ఆ తర్వాత 1968 వచ్చింది.

హోస్ట్: మేడమ్, థాంక్యూ. వచ్చే ఎపిసోడ్‌లో ఇందాక పక్కన పెట్టిన శీతల అర్ధశుష్క నేలలు, మంగోలియా వైపు. వస్తారా?

మేడమ్: వస్తాను. సగటు 18 డిగ్రీల లోపు ఉన్న ఊళ్లు నాలుగు చూసి, గీతలు వేసి ఉంచు.